గోడ మీది గళ్ళ గుడ్డ

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. అరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క తెలియదు. ఎక్కడ సంతకం పెట్టమన్నా బొటనవేలు చాపేదాన్ని. రెండో కారణం, అక్షరాలు వచ్చాక కూడా ఈమె గురించి రాయాలంటే చెయ్యి మొరాయించింది. యాభై ఏళ్ళు ఒక మనిషి మీద కుళ్ళుకుని, ఆమె పోయాక మంచి మాటలు రాస్తే అబద్ధం అవుతుంది. చెడ్డ మాటలు రాస్తే నాకే సిగ్గు. నెలరోజులు నోటుబుక్కు తెరిచి మూశాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆమె నా తోటికోడలు, మా బావగారి భార్య. పేరు రాయను. నా నోటితో ఆ పేరు ఎప్పుడూ అనలేదు. నాకు అక్క, ఆమెకి నేను చెల్లి. మా పిలుపులు విన్నవాళ్ళు సొంత అక్కచెల్లెళ్ళనుకునేవారు. మేమూ దిద్దేవాళ్ళం కాదు.

సన్నగా, పొడుగ్గా ఉండేది. కళ్ళజోడుకి నల్లదారం కట్టి మెళ్ళో వేసుకునేది. మెళ్ళో ఉన్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికేది. పుస్తకంలో పేజీ తిప్పేటప్పుడు వేలు తడి చేసుకునేది. ఫోను మీద కూడా అలాగే వేలు తడి చేసుకుని తోసేది. అంతకంటే పెద్ద అలవాటు ఇంకొకటి ఉంది. కంటికి కనపడిన ప్రతి రాతనీ పైకి చదివేది. "ఇక్కడ ఏం రాశారంటే" అని మొదలుపెట్టేది. లిఫ్టులో కాగితం అంటిస్తే "ఇక్కడ ఏం రాశారంటే, మంగళవారం నీళ్ళ ట్యాంకు కడుగుతారట." పాలడబ్బా మీద, మందుసీసా మీద, బస్సు మీద, ఎవరి చొక్కా మీదో ఉన్న మాట కూడా. సింగపూర్‌లో, క్లెమెంటి మార్కెట్లో చేపలమ్మే చైనా ఆవిడకి ఆవిడ కొట్టుబోర్డే చదివి వినిపించింది ఒకసారి. ఆవిడ నవ్వి రెండు రొయ్యలు ఎక్కువ వేసింది.

ఆమె ఎవరి కోసం చదివేదో నాకు బాగా తెలుసు. పక్కన చదువు రానిది నేనొక్కదాన్నే. ఆమె నోరు తెరిచి చదివినప్పుడల్లా, "ఇదిగో దీనికి రాదు" అని ఊరందరికీ చెబుతున్నట్టు ఉండేది నాకు.

మా అత్తగారింటికి ఆమె నాకంటే ఎనిమిదేళ్ళ ముందు వచ్చింది. వాళ్ళ నాన్న బడిపంతులు, ఆమె పదో తరగతి పాసయింది. మా నాన్నది చీరాల దగ్గర మగ్గం. ఆరేళ్ళకే నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టి కండెలు చుట్టించాడు. నేను కాపురానికి వచ్చిన మొదటిరోజు ఆమె నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది.

"మీ ఇంటిపేరేంటి చెల్లీ?"

"గంజి వాళ్ళం అక్కా."

ఆమె పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. అంతే. ఆ నవ్వుని నేను యాభై ఏళ్ళు దాచుకున్నాను.

మా బావగారికి సింగపూర్‌లో ఓడలు బాగుచేసే యార్డులో పని దొరికింది. ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారు. పిల్లలు లేరు. మా వాడు చదువుకోడానికి వచ్చి క్లెమెంటిలో వాళ్ళ ఫ్లాటులోనే నాలుగేళ్ళు ఉన్నాడు. ఆమే వండి పెట్టింది, ఆమే పరీక్షలకి లేపింది. తర్వాత వాడికి ఉద్యోగం, పెళ్ళి, జురాంగ్ వెస్ట్‌లో సొంత ఫ్లాటు, కూతురు లాస్య. మా కోడలూ ఉద్యోగానికి వెళ్ళేది. బడి వదిలాక పిల్ల క్లెమెంటికే పోయేది. మా ఆయన పోయి నేను ఇక్కడికి వచ్చేసరికి ఆ పిల్లకి పధ్నాలుగేళ్ళు. నన్ను చూసి చేతులు జోడించి, "నమస్తే చిన్న నానమ్మా" అంది.

చిన్న నానమ్మ! వాళ్ళ నాన్నని కన్నది నేను. పెద్ద నానమ్మ ఆమె.

"చిన్నా పెద్దా ఏంటే, నానమ్మని నేను" అన్నాను నవ్వుతున్నట్టు.

"బట్ షీ ఈజ్ ఓల్డర్ వాట్" అంది లాస్య. అదీ నిజమే.

వంట ఒక్కటే నా చేతిలో ఉండేది. ఆమె పులుసు నీళ్ళలా ఉండేది, నాది గరిటెకి అంటుకునేది. ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చి, రెండుసార్లు వేయించుకుని తిని, వేళ్ళు నాకి, చివరికి ఒకే మాట అనేది: "ఉప్పు ఒక పలుకు తక్కువే చెల్లీ." తొమ్మిదేళ్ళు అదే మాట. ఒకరోజు కావాలని రెట్టింపు ఉప్పు వేశాను. మా వాడు ముద్ద నోట్లో పెట్టి నీళ్ళ కోసం పరిగెత్తాడు. ఆమె మాత్రం నింపాదిగా తిని, "ఇవాళ పలుకు తక్కువ కాలేదు" అంది. అలాంటి మనిషితో ఎవరు గెలుస్తారు?

తిండికొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళేది నన్ను. టిష్యూ పొట్లం ఒకటి బల్ల మీద పడేసి, "చోప్ చేశాను, కూర్చో" అని వెళ్ళిపోయేది. ఇక్కడ పొట్లం పెడితే ఆ బల్ల మనదే, ఇంకెవరూ కూర్చోరు. నాకు భయంగా ఉండేది, ఎవరైనా వచ్చి లేవమంటారేమోనని. ఆమె కాఫీ రెండు గ్లాసులు పట్టుకుని, మలయా మాట ఒకటి, తమిళం మాట ఒకటి విసురుతూ, జనం మధ్యలోంచి సొంత ఇంట్లో నడిచినట్టు నడిచి వచ్చేది. ఆ నడక చూసినా నాకు మంటే.

"చదువు నేర్పుతా రావే" అనేది అప్పుడప్పుడు. "రోజుకి రెండక్షరాలు. కాఫీ తాగినంత సేపు."

"నాకెందుకక్కా, ఈ వయసులో" అనేదాన్ని. మనసులో మాత్రం, నీ దగ్గరా, చచ్చినా నేర్చుకోను, అనుకునేదాన్ని.

ఒకసారి వాళ్ళ ఫ్లాటులో బట్టలు మడతపెడుతున్నాం. కిటికీ బయట వెదురుగెడలకి ఆరేసిన బట్టలు లోపలికి లాగి, ఆమె ఒక చివర, నేను ఒక చివర పట్టుకుని. పోయిన బావగారి పాత లుంగీ ఒకటి చేతికి వచ్చింది. గళ్ళు చూసి నేను గోటితో పోగులు లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ.

"ఏం చూస్తున్నావే?"

"ఇది మా వీధిలో గళ్ళు కాదక్కా. మా వీధిలో ఒక్కో ఇంటికి ఒక్కో గడి. షావుకారు ఫలానా వారి గళ్ళు కావాలని ఇంటిపేరుతోనే అడిగేవాడు. ఎవరి గళ్ళు వాళ్ళే నేసేవాళ్ళు. పక్కింటి గడి నేస్తే తప్పు."

"మీ గడి ఎలా ఉండేది?"

నాకు ఆ ఒక్కటీ కళ్ళు మూసుకుని చెప్పడం వచ్చు. పడుగు పోసేటప్పుడు మా నాన్న పైకి పాడేవాడు, నేను రంగులు అందించేదాన్ని. ఎరుపు పన్నెండు, నలుపు నాలుగు, పసుపు రెండు, నలుపు నాలుగు, ఎరుపు పన్నెండు, ఆకుపచ్చ ఎనిమిది. మళ్ళీ మొదటికి. పేకకీ అదే లెక్క. బట్ట కోసేముందు ఇంకోసారి లెక్క చూసి, "సరి" అనేవాడు. ఆయన సరి అంటేనే ఆ బట్ట మగ్గం దిగేది.

నేను పాడితే ఆమె క్యాలెండర్ కాగితం ఒకటి చించి వెనక రాసుకుంది.

"ఎందుకక్కా?"

"ఊరికే. నాకు కాగితం మీద కనపడకపోతే తోచదు."

ఆ సంగతి నేను మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు.

మా లాస్య తనతో పనిచేసే స్కాట్లండ్ అబ్బాయిని చేసుకుంటానంది. పిల్లాడు మంచివాడు. ఎర్రగా ఉంటాడు, కారం తింటే ఇంకా ఎర్రగా అవుతాడు. ఒక ఆదివారం క్లెమెంటిలో పెద్ద నానమ్మ ఫ్లాటులోనే అందరం కలిశాం. ఎక్కడ కలవాలన్నా అక్కడే. అతను ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. పేజీ పేజీకి గుడ్డముక్కలు అంటించి ఉన్నాయి. అన్నీ గళ్ళే.

వాళ్ళ దేశంలో పెళ్ళికి మగవాళ్ళు మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళ పరికిణీ లాంటిది కడతారట. ఆ బట్ట మీద గళ్ళు ఇష్టమొచ్చినట్టు ఉండవట. ఏ ఇంటిపేరు వాళ్ళకి ఆ ఇంటిపేరు గడి. గడి చూసి ఫలానా వాళ్ళ పిల్లాడని చెబుతారట. లాస్య అతని మాటలు తెలుగులో చెబుతుంటే నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళలో మొదటిసారి నాకు తెలిసిన సంగతి మాట్లాడుతున్నారు!

"పెళ్ళిలో డాడీ కూడా కట్టుకోవాలి. నాకు భుజం మీద అదే గుడ్డ" అంది లాస్య. "సో, మన ఇంటిపేరుకి ఏ గడి?"

"మనకెక్కడివే గళ్ళు" అన్నాడు మా వాడు. "ఊటుకూరి అని ఈ పుస్తకంలో ఉంటుందా?"

అతను ఏదో అన్నాడు. లాస్య చెప్పింది: "నాన్నవైపు లేకపోతే అమ్మవైపు తీసుకోవచ్చట. నానమ్మవైపు కూడా ఓకే. ఎవరి వైపూ లేకపోతే కొత్తది నేయించి పేరు రాయించుకోవచ్చట. జస్ట్ వాళ్ళకి పోగుల లెక్క రాసివ్వాలి."

నేను ఆ పుస్తకంలో ఒక ముక్క తిరగేసి గోటితో లెక్క మొదలుపెట్టాను. మా గడి సంగతి చెబుదామనుకున్నాను. మా నాన్నకి మగపిల్లల్లేరు. ఆయనతో మగ్గం పోయింది, ఇల్లు పోయింది. గంజి అన్న ఇంటిపేరు మావైపు ఇక ఏ కాగితం మీదా లేదు. నా పేరు ముందు కూడా లేదు, పెళ్ళితోనే పోయింది. ఒక్కసారి, ఒక్క పెళ్ళిలో, నలుగురి ముందు ఆ గళ్ళు నా కొడుకు ఒంటి మీద ఉంటే చాలు. అదీ నా ఆశ.

"మీ అమ్మ పుట్టింటి పేరేంట్రా?" అని అక్కే అడిగింది మా వాణ్ణి.

వాడు తల గోక్కున్నాడు. "గం... గంజి కదమ్మా?"

"గంజి?" అంది లాస్య. "లైక్, రైస్ గంజి? జ్వరం వస్తే ఇస్తారే, అదా?"

అందరూ నవ్వారు. లాస్య అతనికి చెబితే అతనూ నవ్వాడు. మా వాడు కూడా. నేను పుస్తకం మూసి, టీ పెడతానని వంటింట్లోకి పోయాను. పొయ్యి ముందు నిలబడి ఉండగా హాల్లోంచి ఆమె గొంతు వినిపించింది.

"మనకి గడి లేకపోవడమేంటి? ఉంది. ఇటివ్వండి కాగితం, నేను రాసిస్తాను."

కలం చప్పుడు వినపడలేదు గానీ, కళ్ళజోడు వెతుక్కోవడం వినిపించింది. మెళ్ళోనే ఉంటుంది, అనుకున్నాను. ఊటుకూరి వాళ్ళకి ఏవో గళ్ళు కల్పించి రాస్తోంది అనుకున్నాను. గళ్ళు కూడా ఈమెకే తెలుసు, అనుకున్నాను. టీ మాడింది.

పెళ్ళి పొద్దున గుడి హాల్లో మన పద్ధతిలో అయింది. సాయంత్రం చెట్ల మధ్య పచ్చికలో వాళ్ళ పద్ధతి. మా వాడు గదిలోంచి బయటికి వచ్చాడు, సిగ్గుపడుతూ, మోకాళ్ళు కనపడేలా. ఎండకి ఆ ఉన్నిబట్టలో చెమటలు కారుతున్నాయి. నేను మొదట వాడి మోకాళ్ళు చూసి నవ్వబోయాను.

తర్వాత గళ్ళు చూశాను.

ఎరుపు, నలుపు, మధ్యలో సన్నగా పసుపు, మళ్ళీ నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. లెక్కపెట్టక్కర్లేదు. మా నాన్న నూలులో నేసింది వీళ్ళు ఉన్నిలో నేశారు, అంతే తేడా. లాస్య పట్టుచీర మీద, భుజం మీంచి అదే గుడ్డ. పక్కన కోడలి స్నేహితురాలు ఎవరో అంటోంది: "ఎంత బాగుందో! ఊటుకూరి వారి గళ్ళట. పెద్ద నానమ్మగారు డిజైన్ చేసిచ్చారట."

అటు చూస్తే అక్క ముందు వరసలో కూర్చుని ఉంది. వచ్చి పొగిడినవాళ్ళందరికీ తలూపుతోంది.

నా కొడుకుని తీసుకుంది, మనవరాలిని తీసుకుంది, పెద్ద నానమ్మ అనే పిలుపు తీసుకుంది. ఇప్పుడు మా నాన్నని తీసుకుని ఊటుకూరి వారికి ఇచ్చేసింది. నా నోటితో పాడించుకుని మరీ.

భోజనాల దగ్గర ఎదురుపడ్డాం.

"సంతోషమేనా అక్కా?" అన్నాను.

"నీకు కాదా?"

"నాకెందుకుంటుంది? నాదేముంది అందులో?"

ఆమె కళ్ళజోడు తీసి పమిటకి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఆ గుడ్డముక్క అద్దం కట్టించి మీ ఇంట్లో గోడకి పెట్టిస్తున్నాను. చదువుకో, నీకే తెలుస్తుంది."

చదువుకో! నలుగురూ తిరుగుతున్న చోట ఆ మాట అంది నన్ను. ప్లేటు అక్కడే పెట్టేసి వచ్చేశాను. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

అద్దం కట్టిన గుడ్డ నిజంగానే మా ఇంటికి వచ్చింది, టీవీ పైన గోడకి ఎక్కింది. కింద ఏదో కాగితం అంటించి రాసి ఉంది. ఎవరైనా ఆ మాటెత్తితే, "నా దగ్గర ఆ సంగతి చెప్పకండి" అని లేచిపోయేదాన్ని. నా కుర్చీ తిప్పి గోడకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. టీవీ మాటలు వినేదాన్ని, బొమ్మ చూసేదాన్ని కాదు. ఆదివారం ఆమె వస్తే వంట బల్ల మీద పెట్టి గదిలోకి పోయేదాన్ని. ఆమె తిని, తలుపు దగ్గరికి వచ్చి, "ఉప్పు ఒక పలుకు తక్కువే" అని చెప్పి వెళ్ళేది.

మా బ్లాకు కింద ఖాళీ హాల్లో శనివారాలు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు కొందరు పిల్లలకి తెలుగు చెబుతారు. నేను వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. పాఠం చెప్పే అమ్మాయి, "ఆంటీ, మీ పిల్లలెక్కడ?" అంది. "నేనే" అన్నాను. నా పక్కన ఆరేళ్ళ పాప, నేను తలకట్టు తప్పు పెట్టినప్పుడల్లా "నో లా ఆంటీ, దిస్ వే" అని నా పెన్సిలు లాక్కుని దిద్దేది. ఎందుకు నేర్చుకున్నానంటే, చదువు మీద ప్రేమతో కాదు. ఆమెకి ఉత్తరం రాయాలి. యాభై ఏళ్ళలో అనలేనివన్నీ కాగితం మీద పెట్టి, ఆమె చేతికిచ్చి, "పైకి చదువక్కా" అనాలి. "ఇక్కడ ఏం రాశారంటే" అని ఆమె నోటితోనే ఆమెని తిట్టించాలి.

ఏడాది పైన పట్టింది. అచ్చక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, వత్తులు తడబడుతూ వచ్చాయి. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి "అక్కా" అని రాశాను. రెండోరోజు "నీకు సిగ్గు" దాకా వచ్చాను. ఆ మధ్యాహ్నమే ఫోను వచ్చింది. కుర్చీలో పేపరు చదువుతూనే పోయిందట. పక్కింటావిడ వెళ్ళి చూసేసరికి, తడి చేసుకోడానికి ఎత్తిన వేలు అలాగే పెదవి దగ్గర ఉందట.

నాకు ఏడుపు రాలేదు. ఉత్తరం పూర్తి కాకుండానే పోయిందని కోపం వచ్చింది.

పదకొండో రోజు అయిపోయాక మా వాడు ఆమె ఫొటో తెచ్చాడు. టీవీ పైన గోడకి పెడదామన్నాడు. చోటు కోసం గళ్ళగుడ్డ అద్దం దించి, పెట్టడానికి ఎక్కడా లేక నా ఒళ్ళో పెట్టాడు. "ఒక్క నిమిషం పట్టుకోమ్మా" అని మేకు కొట్టుకుంటున్నాడు.

వీపు పెట్టడానికి లేదు. ఒళ్ళోనే ఉంది. గుడ్డ కింద కాగితం, దాని మీద నీలం సిరా. అచ్చక్షరాలు కాదు, చేతిరాత. చేతిరాత నాకు ఇంకా కష్టం. ఆమె రాత అని మాత్రం తెలిసింది. చూడకూడదనుకున్నాను. కానీ అక్షరాలు వచ్చినవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది, కళ్ళకి కనపడితే చదవకుండా ఉండలేరు. అదీ ఆమె జబ్బే, నాకు అంటుకుంది. వేలు పెట్టుకుని ఒక్కొక్కటీ కూడబలుక్కున్నాను.

గంజి వారి గళ్ళు.

మళ్ళీ చదివాను. అదే. కింద ఇంకో వరస ఉంది. పోగుల లెక్క చెప్పినది మా చెల్లి.

"ఒరేయ్" అన్నాను. "ఇదేంట్రా?"

మా వాడు సుత్తి పట్టుకుని వెనక్కి తిరిగాడు. "ఏదమ్మా?"

"గంజి వారివని రాసుంది."

"గంజి వారివే కదమ్మా. రిజిస్టర్లో కూడా ఆ పేరే రాయించింది పెద్దమ్మ. పెళ్ళిలో ఎవరో ఊటుకూరి అంటే నేనే దిద్దాను." వాడు నన్ను వింతగా చూశాడు. "నీకు తెలీదా? మన ఊటుకూరి పేరు పెట్టలేదని అలిగావనుకున్నాను ఇన్నాళ్ళూ."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పనిచ్చావా? మాటెత్తితే లేచిపోయేదానివి."

లాస్య వంటింట్లోంచి వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "నేను చెప్తా అన్నాను నానమ్మా. పెద్ద నానమ్మ వద్దంది. 'డోంట్ టెల్ లా, షీ విల్ రీడ్' అంది. నువ్వు కింద క్లాసుకి వెళ్ళడం షీ న్యూ. మార్కెట్‌లో అందరికీ చెప్పేది, మా చెల్లి చదువుకుంటోందని."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడాదిలో ఆదివారాలు ఆమె మా హాల్లో కూర్చుని మందుసీసాలు చదివింది, కరెంటు కాగితం చదివింది, టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు చదివింది. గది తలుపు వెనక నాకు అన్నీ వినపడేవి. తన నెత్తి మీద గోడకున్న ఈ రెండు వరసలు మాత్రం ఒక్కసారి కూడా పైకి చదవలేదు. అన్నీ చదివి పెట్టిన మనిషి నాకోసం ఇదొక్కటి వదిలిపెట్టింది.

ఏడవాలి కదా, ఎవరైనా ఏడుస్తారు. నేనూ ఏడ్చాను, కాసేపయ్యాక. కానీ ఏడుపు కంటే ముందు వచ్చింది ఆ పాత మంటే. నిజం రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను. వంట తప్ప అన్నింట్లో నాకంటే ముందుండేది, మంచితనం ఒక్కటైనా నాకు మిగిలిందనుకునేదాన్ని. అదీ ఆమే పట్టుకుపోయింది. మా నాన్న పేరు నిలబెట్టాల్సింది నేను. నేను వంటింట్లో టీ మాడ్చుకుంటుంటే ఆమె నిలబెట్టింది. నేను నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఆమె రాసింది. థాంక్స్ చెప్పడానికి కూడా చోటివ్వకుండా పోయింది.

ఫొటో గోడకి ఎక్కింది. ఫొటోలో కూడా కళ్ళజోడు మెళ్ళోనే ఉంది. గళ్ళగుడ్డ అద్దం దాని పక్కన తగిలించాడు మా వాడు.

మర్నాడు పొద్దున ఇంకా ఎవరూ లేవకముందు లేచాను. ఆమె కళ్ళజోడు లాస్య తెచ్చి నా అలమారులో పెట్టింది, అది పెట్టుకున్నాను. నల్లదారం మెడకి చల్లగా తగిలింది. స్టూలు వేసుకుని అద్దం దించి, వెనక అట్ట విప్పి, గుడ్డ బయటికి తీశాను. కిటికీ దగ్గర కూర్చుని గుండుసూదితో ఒక్కొక్క పోగూ జరుపుతూ లెక్కపెట్టాను. ఆమె ఎక్కడో ఒకచోట తప్పు రాసి ఉంటుంది. పసుపు రెండుకి మూడు, ఆకుపచ్చ ఎనిమిదికి ఆరు. మగ్గం ఎక్కని మనిషి, క్యాలెండర్ కాగితం మీద రాసుకున్న లెక్క, ఒక్క పోగైనా తప్పు పోకుండా ఎలా ఉంటుంది? ఒక్క పోగు చాలు నాకు. జన్మంతా చెప్పుకుంటాను.

ఎరుపు పన్నెండు. నలుపు నాలుగు. పసుపు రెండు. నలుపు నాలుగు. ఎరుపు పన్నెండు. ఆకుపచ్చ ఎనిమిది. పడుగు చూసి పేక కూడా చూశాను. మళ్ళీ మొదటినుంచి చూశాను. కింద మొదటి బస్సు వెళ్ళింది, ఎదుటి బ్లాకులో దీపాలు వెలిగాయి.

"సరి" అన్నాను పైకి.

గుడ్డ లోపల పెట్టి అట్ట బిగించి, అద్దం మళ్ళీ మేకుకి తగిలించాను. నా కుర్చీ తిప్పి, ఆ గోడకి ఎదురుగా వేసుకున్నాను.